స్ప్రింగు బంగారం, స్క్రూ తలనొప్పి: మా తలుపు హ్యాండిల్ సంగతి

ఈ హ్యాండిల్‌ను ఎవరైనా మెచ్చుకుంటే కాదనను, నేనూ మెచ్చుకున్నవాణ్ణే. కానీ దాని అడుగున, కంటికి ఆనని చోట, బియ్యపు గింజంత స్క్రూ ఒకటి ఉంది. నా కోపమంతా దాని మీదే.

ముందు మంచి సంగతి చెప్పాలి. అమ్మ గది తలుపుకు బిల్డర్ పెట్టి ఇచ్చిన హ్యాండిల్ ఎప్పుడూ కిందికి వేలాడుతూ ఉండేది. తాళంలోని స్ప్రింగు నీరసపడితే, సొంత స్ప్రింగు లేని ఏ హ్యాండిల్‌కైనా అదే గతి. కొత్తదానికి తలుపును ఆనుకునే గుండ్రటి బిళ్ళలోనే విడిగా ఒక స్ప్రింగు ఉంది. నొక్కి వదిలితే చాలు, టక్కున లేచి అడ్డంగా నిలబడుతుంది. అమ్మకు వేళ్ళ కీళ్ళు నొప్పి. ఇప్పుడు చేతిలో కాఫీ గ్లాసు ఉన్నా మోచేత్తో నొక్కి బయటికి వచ్చేస్తోంది. చివర తలుపు వైపు వంపు తిరిగి ఉండటం ఇంకో సుఖం, చీర కొంగు తగులుకోదు. పాతదాని పుణ్యమా అని నా లాల్చీ జేబులు ఎన్నో చిరిగాయి.

కొన్నది హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో. దుకాణంలో అతను అయస్కాంతం తెచ్చి ఆనించి, "చూడండి సార్, అంటుకోవడం లేదు, అసలైన 304 స్టీలు" అన్నాడు. 304 అంటే స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం, దానికి అయస్కాంతం పెద్దగా అంటుకోదన్నది నిజమే. జింకు మిశ్రమానికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు. ఆ పరీక్షలో తేలిందల్లా అది మామూలు ఇనుము కాదనే. తీసుకున్నాను, ఎందుకంటే ఆ స్ప్రింగు అప్పటికే నన్ను పడగొట్టేసింది.

ఇక ఆ స్క్రూ. తలుపు గుండా ఇటు నుంచి అటు పోయే చదరపు కడ్డీని హ్యాండిల్‌తో కలిపి ఉంచేది అదొక్కటే. కడ్డీ 8 మిల్లీమీటర్లది, నాలుగు పక్కలా నున్నన. స్క్రూ దాన్ని ఒత్తి పట్టుకోవలసిందే తప్ప, మొన దిగడానికి గుంట అంటూ ఏమీ లేదు. నొక్కిన ప్రతిసారీ, తలుపు దడాలున పడ్డ ప్రతిసారీ అది వెంట్రుకవాసి వదులవుతూ వస్తుంది. పైగా అందం చెడకూడదని దాన్ని కింది వైపుకు పెట్టారు, వదులైతే రాలిపోవడానికి దారి సిద్ధంగా ఉంటుంది.

ఆషాఢం గాలులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆ తలుపు గట్టిగా మూసుకుంది. ఇంట్లో అమ్మ, రెండో తరగతి చదివే మా అమ్మాయి మాత్రమే ఉన్నారు. అమ్మ లోపలి నుంచి లాగితే హ్యాండిల్ ఊడి చేతిలోకి వచ్చేసింది. మళ్ళీ పెడదామని అదిమేసరికి కడ్డీ అవతలికి జారి, బయటి హ్యాండిల్‌తో సహా హాల్లో పడింది. తలుపుకు మిగిలింది చదరపు కన్నం ఒక్కటే.

అమ్మాయి నాకు ఫోను చేసి ముందుగా చెప్పిన కబురు: "నాన్నా, నాయనమ్మ కన్నంలోంచి నన్ను చూస్తోంది." వెనుక నుంచి అమ్మ గొంతు, పొయ్యి మీద పాలు ఉన్నాయని. ముందు పొయ్యి ఆర్పించాను. తర్వాత కడ్డీ ఉన్న ముక్కను కన్నంలో దూర్చమన్నాను. "వంకరగా వచ్చింది" అంది. హ్యాండిల్ పైకప్పు వైపు చూస్తోందట. చదరపు కడ్డీ కాబట్టి అలాగైనా తాళంలోకి దిగుతుంది, పక్కకు తిప్పమన్నాను. టక్కుమన్న చప్పుడు ఫోనులోనే వినిపించింది. అమ్మ బయటికి వచ్చి ఫోను అందుకుని అన్న మొదటి మాట: "ఆ పాతది ఎక్కడ పెట్టావురా?"

దుకాణంలో అడిగితే, అప్పుడప్పుడూ బిగించుకుంటూ ఉండాలి సార్ అన్నారు. ఆ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు. మా వీధి కార్పెంటర్ మాత్రం విసుక్కోకుండా కడ్డీ మీద స్క్రూ ఆనే చోట డ్రిల్లుతో చిన్న గుంట పెట్టి, స్క్రూ మరలకు, అవి వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు జిగురు రాసి బిగించాడు. అదే జాతిలో ఎరుపుది కూడా దొరుకుతుంది, దాన్ని ఊడదీయాలంటే వేడి పెట్టాలి. నీలానిది మామూలు ఎలెన్ కీతోనే, అంటే ఆరు పలకల చిన్న కీతోనే వస్తుంది. ఆ కీ ఇప్పుడు మీటర్ల పెట్టె పక్కన మేకుకు వేలాడుతోంది. లోపలి స్క్రూ ఆ తర్వాత కదలలేదు. బయటిది ఒకసారి కాస్త ఆడితే బిగించాను.

స్ప్రింగు గురించి టక్కున లేస్తుందని రాశాను కదా. లోపలి వైపుది ఇప్పటికీ అంతే. హాలు వైపుది మాత్రం ఈ మధ్య కొంచెం ఆలోచించి లేస్తోంది, పిల్లలు దానికి వేలాడతారు మరి. మాకు బోరు నీళ్ళు, ఉప్పెక్కువ. తడి చేతులు పడే చోట తెల్ల మచ్చలు కట్టాయి. పొడి గుడ్డతో తుడిస్తే కొంత పోతాయి, నిమ్మకాయ రుద్దే ధైర్యం చేయలేదు. గుండ్రటి బిళ్ళల రకం చాలా తాళాలకు సరిపోతుందన్నది నిజమే కానీ, పాత పొడుగు ప్లేటు పోయాక దాని కింద పాలిష్ పడని చెక్క అచ్చు మొత్తం బయటపడింది. స్క్రూ కన్నాలు పూడ్చి, రంగు కలిపి పూసే పని విడిగా పడింది. ఆ ఖర్చు హ్యాండిల్ ధరలో లెక్క వేసుకోలేదు. వానాకాలంలో తలుపు ఉబ్బి చట్రానికి రాసుకుంటుంది, ఆ నింద హ్యాండిల్ మీద వేయడం న్యాయం కాదు.

మళ్ళీ కొంటానా? అమ్మ చేతుల సంగతి చూస్తే కొంటాను, కానీ కడ్డీకి గుంట పెట్టించాకే తలుపుకు ఎక్కిస్తాను. అద్దె ఇంట్లో ఉంటే ఆ చెక్క మచ్చ చూసి ఇంటివారు ఏమంటారో ముందే అడగడం మంచిది. పెద్దవాళ్ళు గానీ చిన్నపిల్లలు గానీ ఒంటరిగా ఉండే గది అయితే, హ్యాండిల్‌ను బిళ్ళకే రింగుతో బిగించి పెట్టే రకం ఉందేమో చూడండి, స్క్రూ వదులైనా అది చేతిలోకి ఊడి రాదు. మా బాత్రూమ్ తలుపును మాత్రం ముట్టుకోలేదు. అది పీవీసీది, ఇంత బరువు హ్యాండిల్‌ను ఆపుతుందా అంటే కార్పెంటరే తల అడ్డంగా ఊపాడు.