గంజాయి కేసులో శిక్ష పడితే రేషన్ కార్డులో పేరు ఉండదా? 15100 ఉచిత న్యాయ సహాయం మీద నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. ఒక స్టార్ ఎందుకు కోశానో కింద రాశాను. రేషన్ కార్డులో పోయిన పేరు మళ్లీ ఎక్కించే పని మీద ముందు వెళ్లిన మా గల్లీ చివరి ఆన్‌లైన్ సెంటర్‌కి మాత్రం సున్నా. పేరు రాయను, అలాంటి సెంటర్ మీ గల్లీలోనూ ఒకటి ఉండే ఉంటుంది.

విషయం ఏంటంటే మా తమ్ముడు గంజాయితో దొరికాడు. కిలో లోపే, అంటే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం లెక్కలో చిన్న మోతాదు, దానికి గరిష్ఠంగా ఏడాది జైలు. వాడికి కొన్ని నెలలు పడింది, హైదరాబాద్ చంచల్‌గూడ జైల్లో ఉండి వచ్చాడు. వాడు లోపల ఉన్నప్పుడే రేషన్ షాపులో ఈ-కేవైసీ అన్నారు, కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ వచ్చి వేలిముద్ర వేయాలట, జైల్లో ఉన్నవాడు వచ్చి ఎట్లా వేస్తాడు? ఆ మాట డీలర్‌కి చెప్పడానికి నోరు రాక అమ్మ "ఊరెళ్లాడు" అనేసింది. వాడు బయటికొచ్చేసరికి కార్డులో పేరు ఎగిరిపోయింది. మా తెలంగాణలో మనిషికి ఆరు కిలోల బియ్యం, అదీ ఇప్పుడు సన్నబియ్యం, మాలాంటి ఇంట్లో అది చిన్న విషయం కాదు. అంతకంటే అమ్మకి ఆరోగ్యశ్రీ టెన్షన్ ఎక్కువ. పది లక్షల దాకా వైద్యం అంటారు కానీ ఆసుపత్రిలో ముందు అడిగేది ఆ కార్డే కదా.

పేరు మళ్లీ ఎక్కించమంటే సెంటర్ అతను "డ్రగ్స్ కేసు కదా అక్కా, సిస్టమ్ తీసుకోదు, పైన మాట్లాడాలి, ఐదు వేలు అవుతుంది" అన్నాడు. నేను నమ్మట్లేదని ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అందులో ఉన్నది అబద్ధం కాదు, కాకపోతే అది అమెరికా సంగతి! అక్కడ 1996లో క్లింటన్ సంతకం పెట్టిన సంక్షేమ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, డ్రగ్స్‌కి సంబంధించిన పెద్ద నేరంలో (అక్కడ ఫెలనీ అంటారు) దోషిగా తేలితే ఫుడ్ స్టాంపులు, అంటే తిండికిచ్చే సాయం, పేద కుటుంబాలకిచ్చే నగదు సాయం జీవితాంతం బంద్. చిత్రం ఏంటంటే హత్య చేసి శిక్ష అనుభవించి వచ్చినవాడికి ఈ నిషేధం లేదు. రాష్ట్రాలు కావాలంటే సడలించుకోవచ్చని కూడా అందులోనే రాశారు, తర్వాత చాలా రాష్ట్రాలు పూర్తిగానో, చికిత్స తీసుకోవాలి, పరీక్షలకి రావాలి లాంటి షరతులతోనో సడలించాయి. ఆ ఊరి రూల్ పట్టుకొచ్చి ఇక్కడ ఐదు వేలు అడగడం ఇతని తెలివి.

ఇక అసలు రివ్యూ. 15100 అని ఒక టోల్ ఫ్రీ నంబర్ ఉంది, న్యాయ సేవల సంస్థది. దానికి ఫోన్ చేస్తే ఒక కోర్టు ఆవరణలో ఉన్న ఫ్రంట్ ఆఫీసుకి వెళ్లమన్నారు. ఉచిత లాయర్ అంటే జైల్లో ఉన్నవాళ్లకే అనుకునేదాన్ని. కాదట, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఇస్తారు. కార్డు అమ్మ పేరు మీదే ఉంది కాబట్టి అమ్మతోనే దరఖాస్తు పెట్టించాం, తమ్ముడి ఆదాయం లెక్కల గొడవే రాలేదు.

మాకిచ్చిన లాయర్ మేడమ్ కేసు పేరు విని మొహం చిట్లించలేదు, అందుకే ఒక స్టార్ ఇచ్చేయొచ్చు. 2013 ఆహార భద్రత చట్టంలో శిక్ష పడినవాళ్లకి బియ్యం ఇవ్వొద్దని ఎక్కడా లేదమ్మా, సిటీలో అయితే ఏడాదికి రెండు లక్షల ఆదాయం లోపు ఉండాలి, చూసేది అదీ అని చెప్పింది. పేరు చేర్చమని ఒక దరఖాస్తు, ఏ కారణంతో తీసేశారో చెప్పమని సమాచార హక్కు కింద ఇంకొకటి రాసిచ్చింది. పేదలకి దానికి ఫీజు లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సర్కిల్ ఆఫీసు నుంచి వచ్చిన జవాబులో ఒకటే ముక్క, ఈ-కేవైసీ కాలేదు అని. కేసు ఊసే లేదు! వాడు వెళ్లి వేలు పెట్టాడు, కొంత ఆలస్యమైనా పేరు ఎక్కింది, బియ్యం వస్తున్నాయి.

మాటల్లో ఆవిడే ఇంకో సంగతి చెప్పింది, అది విని కడుపు మండింది. మత్తుకి అలవాటు పడ్డవాడు చిన్న మోతాదుతో దొరికితే, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ఒప్పుకుంటే, ఎన్‌డీపీఎస్ సెక్షన్ 64ఎ కింద అసలు ప్రాసిక్యూషనే తప్పుతుందట. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. కేసు నడిచినప్పుడు మేం డబ్బులిచ్చి పెట్టుకున్న లాయర్ ఈ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో మత్తు మాన్పించే చికిత్స ఉంది, సలహా కావాలంటే 14446 హెల్ప్‌లైన్ ఉంది, ఇవన్నీ మాకు శిక్ష అయిపోయాక తెలిశాయి.

స్టార్ కోసింది ఎందుకంటే, ఇలాంటి పనికి కూడా ఇక్కడికి రావచ్చని ఆ ఆఫీసు బయట ఒక్క బోర్డు లేదు. కౌంటర్‌లో మనిషి మమ్మల్ని చూడగానే "బెయిలా?" అన్నాడు, కాదు రేషన్ కార్డు అంటే మమ్మల్ని ఇంకో కిటికీకి తోలాడు, అక్కడినుంచి మళ్లీ మొదటి కిటికీకే. వెయిట్ చేయించడం కూడా బాగా చేయిస్తారు.

అన్నీ వచ్చేస్తాయని మాత్రం అనుకోకండి. ప్రభుత్వ ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్‌లో కేసు బయటపడుతుంది, అక్కడ వీళ్లు చేయగలిగింది తక్కువ. నేను చెప్పేది రేషన్ లాంటి వాటి గురించే.

వెళ్లేవాళ్లు ఇంట్లో అందరి ఆధార్ జిరాక్సులు, మీసేవలో తీసుకున్న ఆదాయ సర్టిఫికెట్, పాత కార్డు నంబర్, జైలు నుంచి విడుదలైన కాగితం పట్టుకెళ్లండి. ఆ చివరి కాగితం మమ్మల్ని ఎవరూ అడగలేదు గానీ ఈ-కేవైసీకి ఎందుకు రాలేదంటే చూపించడానికి ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం అయితే లాయర్లు కోర్టు హాళ్లలో ఉంటారు, దొరకరు.