అయిదడుగుల మడత ర్యాంపు: ఫంక్షన్ హాల్ మెట్ల ముందు ఎంతవరకు పనికొస్తుంది?

పెళ్లి కార్డు చేతికొచ్చాక వీల్‌చైర్ ఉన్న ఇంట్లో ముందుగా అడిగేది హాలుకు మెట్లెన్ని అని. అవతలివాళ్లు ప్రేమగానే చెప్తారు: "మెట్ల సంగతి నీకెందుకు బాబాయ్, నలుగురం పట్టుకుని ఎత్తేస్తాం కదా!" ఆ నలుగురిలో ఒకరు చేతులు ఆనించుకునే పిడి పట్టుకుంటారు, అది ఊడొచ్చే రకం. ఇంకొకరు పాదాల పలక పట్టుకుంటారు, అదీ ఊడొచ్చేదే. అలా ఎత్తించుకోవడం ఇష్టంలేక, ఆ మాట పైకి అనలేక, "ఆరోజు ఒంట్లో నలతగా ఉంది" అని ఇంట్లోనే ఆగిపోయే పెద్దవాళ్లు ఏ బంధువర్గంలో చూసినా ఒకరిద్దరుంటారు. ఈ ఎత్తుడును తప్పించడానికి దొరుకుతున్న వస్తువు అల్యూమినియం మడత ర్యాంపు. ఇక్కడ పరిశీలిస్తున్నది అయిదడుగుల సూట్‌కేస్ రకాన్ని.

మధ్యలో నిలువునా పొడవాటి కీలు, దానికి అటూ ఇటూ రెండు పలకలు. మూస్తే పెట్టెలా పిడి పట్టుకుని మోయొచ్చు. తెరిస్తే 5 అడుగుల పొడవు, దాదాపు 30 ఇంచుల వెడల్పు. చక్రం పక్కకు జారకుండా రెండంచుల్లో కాస్త లేచిన గట్టు ఉంటుంది. పైన గరుకు కాగితంలాంటి పట్టీ అతికించి వస్తుంది. బరువు 12 నుంచి 14 కిలోలు, ఒక్క మనిషి పార్కింగ్ నుంచి మెట్ల దాకా తెచ్చేయగలడు. 18 ఇంచుల సీటున్న మామూలు వీల్‌చైర్ బయటి నుంచి బయటికి 25, 26 ఇంచులుంటుంది కాబట్టి పడుతుంది. పక్కకు మిగిలే జాగా రెండేసి ఇంచులు. ఫోన్ భుజాన ఇరికించుకుని తోసేవాళ్లకు అది చాలదు.

మోయగల బరువు పలక మీదే రాసి ఉంటుంది, 270 కిలోలనో 300 కిలోలనో. లెక్క కట్టేటప్పుడు తోసేవాళ్లను మర్చిపోతారు, వాళ్లూ ర్యాంపు మీదే నడుస్తారు. 75 కిలోల మనిషి, 18 కిలోల కుర్చీ, తోసే మనిషి 65 కిలోలు, మొత్తం 158. మామూలు కుర్చీకి ఢోకా లేదు. బరువైన బ్యాటరీ కుర్చీ అయితే కొనేముందే ఈ కూడిక చేసుకోవాలి.

చిక్కంతా వాలులో ఉంది. మన దేశపు 2021 సుగమ్యత మార్గదర్శకాలు (భవనాల్లోకి అందరూ రాగలిగేలా ఎలా కట్టాలో చెప్పేవి) శాశ్వత ర్యాంపుకు 1:12 వాలు అడుగుతాయి. అంటే ఇంచు ఎత్తుకు అడుగు పొడవు. ఆ లెక్కన అయిదడుగుల ర్యాంపు ఎక్కించగలిగేది అయిదించులే. మన మెట్టు ఒక్కటే ఆరించులు, పాత ఇళ్లలో ఏడు. కచ్చితంగా చూస్తే ఇది ఒక్క మెట్టుకు కూడా చాలదన్నమాట. వెనక గట్టి మనిషి ఉంటే 1:8 దాకా, అంటే ఏడున్నర ఇంచుల దాకా వాడొచ్చు. ఇద్దరు తోడుంటే, అదీ తప్పనిసరైతే, 1:6. అక్కడికి పదించులు. ఆపైన వాడకూడదు.

ఎందుకో చేతికి తెలియాలంటే బరువు చూడండి. మనిషి 70, కుర్చీ 18, మొత్తం 88 కిలోలు అనుకుందాం. 1:12 వాలులో తోసేవాళ్ల మీద పడేది ఏడు కిలోల పైచిలుకు. 1:8లో పదకొండు. 1:6లో పద్నాలుగున్నర. టైర్లలో గాలి తక్కువుంటే ఇంకొంచెం కలుపుకోండి. పద్నాలుగు కిలోలంటే ఎంత అనిపించొచ్చు గానీ, నున్నటి గ్రానైట్ మీద చెప్పుల్లేని కాళ్లతో, పట్టుచీరలో, వెనక్కి వాలిన కుర్చీని ఆపుతూ ఆ బరువును నెట్టి చూస్తే తెలుస్తుంది. కంపెనీల ప్రకటనల్లో ర్యాంపును కారు డిక్కీకి ఆనించిన ఫొటో ఉంటుంది. అది ఖాళీ కుర్చీని లోపలికి ఎక్కించడానికి, మనిషిని కూర్చోబెట్టి కాదు. కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసినా ఎవరూ చదవరు.

మరి హైదరాబాద్‌లో ఇది ఎక్కడ పనికొస్తుంది? అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ నుంచి లిఫ్టు దగ్గరికి ఒక మెట్టుంటుంది, అక్కడ బాగా పనికొస్తుంది. ఒక మెట్టున్న దుకాణం, టిఫిన్ సెంటర్, లైబ్రరీ గుమ్మం, మెట్రో లిఫ్టు దాకా వెళ్లాలంటే ఎక్కాల్సిన ఆరించుల ఫుట్‌పాత్ అంచు, వీటికి 1:10 వాలు వస్తుంది. వెనక ఒక మనిషి ఉంటే హాయిగా ఎక్కొచ్చు. చిక్కడపల్లి, బర్కత్‌పురా వైపు పాత ఇళ్లలో గేటు దాటగానే రెండు మెట్లుంటాయి. ఆరించుల మెట్లే అనుకున్నా రెండంటే 12 ఇంచులు, 5 అడుగులకు 1:5 వాలు. వద్దు. ఆరడుగులది ఉంటే 1:6కు వస్తుంది, ఇద్దరు మనుషులతో. మెట్టు ఏడించులైతే అదీ చాలదు. వినాయక మండపాల దగ్గర ర్యాంపు అవసరమే తక్కువ. రోడ్డు మీదే వేస్తారు కాబట్టి, అక్కడ అడ్డమొచ్చేది జనరేటర్ వైరు. దాని మీద ఒక రబ్బరు పట్టా పరిస్తే చాలు.

ఫంక్షన్ హాలు మెట్లు నాలుగు, అయిదు, ఒక్కోచోట పది. ఏ మడత ర్యాంపూ అక్కడ చాలదు. నాలుగు మెట్లంటే రెండడుగుల ఎత్తు, 1:12కు 24 అడుగుల ర్యాంపు కావాలి. అయితే అక్కడ వేరే సంగతి ఒకటుంది. చాలా హాళ్లకు వెనక వంటశాల వైపు ఏటవాలు దారి ఉంటుంది. గ్యాస్ సిలిండర్లు, బిర్యానీ హండాలు దొర్లించడానికి కట్టింది. హండాకు దొరికిన దారి పెళ్లికొచ్చిన మనిషికి లేదు, అది వేరే బాధ. ఆ దారినే అడిగి వాడుకోవాలంటే ముందురోజు వెళ్లి చూడాలి. సాధారణంగా నిటారుగా ఉంటుంది, అన్నం వార్చిన గంజి, నూనె పడి జారుతుంది, తలుపు ముందు కూరగాయల బస్తాలు ఉంటాయి. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఒక ముక్క చెప్పండి: 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వాడే ప్రైవేటు భవనం కూడా ప్రజా భవనమే, అందరూ లోపలికి రాగలిగేలా ఉండాలి. గొడవ పడక్కర్లేదు. వచ్చే సీజన్లో చెక్క ర్యాంపైనా చేయిస్తారేమో.

ఇక పరిచే పద్ధతి. టేపుతో కొలిచేది కింది నేల నుంచి పై నేల దాకా, ఒక్క మెట్టు ఎత్తు కాదు. ర్యాంపు పై అంచున ఒక పట్టె ఉంటుంది, అది పైన చదును నేల మీద కనీసం మూడించులు కూర్చోవాలి. గ్రానైట్ మెట్టు అంచు గుండ్రంగా ఉంటే పట్టె కొస మీద ఆగినట్టే కనిపిస్తుంది. మనిషి బరువు పడగానే వెనక్కి జారుతుంది. ఎక్కువగా జరిగే ప్రమాదం ఇదే. పట్టె కింద పాత యోగా చాప ముక్క వేస్తే పట్టు వస్తుంది. పరిచాక ముందు మీరు రెండు కాళ్లతో ఎక్కి, మధ్యలో ఒక్కసారి ఊగి చూడండి. పైన తలుపు బయటికి తెరుచుకునేదైతే కుర్చీ ఆగడానికి చోటుండదు. పైన కుర్చీ తిరగడానికి దాదాపు అయిదడుగుల చదరం కావాలి.

ఎక్కేటప్పుడు కుర్చీ ముందుకు చూస్తూ ఎక్కుతుంది, తోసేవాళ్లు వెనక. దిగేటప్పుడు వాలు ఎక్కువుంటే కుర్చీని వెనక్కి తిప్పి దించాలి, తోసేవాళ్లు కిందివైపు ఉండి ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ. ముందుకు చూస్తూ దించితే మనిషి ముందుకు జారిపోతారు. నడుం బెల్టు పెట్టండి, అది లేకపోతే చున్నీ కట్టే ఆలోచన చేయొద్దు, బెల్టు కొనండి. మధ్యలో బ్రేకు వేయకూడదు. చక్రం పట్టేస్తే కుర్చీ తిరగబడొచ్చు. పాదాల పలక మరో చిక్కు. అది చిన్న చక్రాలకన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, నేలకు రెండు మూడించుల ఎత్తులో. వాలు 1:6 అయితే చక్రం ఎక్కకముందే పలక ర్యాంపుకు తగిలి కుర్చీ టక్కున ఆగుతుంది, మనిషి ముందుకు తూలతారు. పలకను ఒక గాటు పైకి బిగించుకుంటే పోతుంది. దానికి రెంచి కావాలి, ఇంటి దగ్గరే చేసుకోండి.

ఇంకొకటి: కుర్చీ మీద చేయి వేసే ముందు, "తోయమంటారా పెద్దమ్మా?" అని అడగాలి. కుర్చీ వాళ్ల ఒంట్లో భాగంలాంటిది. వెనక నుంచి చెప్పాపెట్టకుండా కదిపితే ఎవరికైనా గుండె జారుతుంది.

గడప గురించి కేటలాగుల్లో ఉండదు. మన పాత తలుపులకు రెండు నుంచి నాలుగించుల గడప ఉంటుంది, లోపల మళ్లీ దిగాలి. అయిదడుగుల ర్యాంపు ఒకవైపే వేస్తే లోపలి వైపు కుర్చీ ధడేల్మని పడుతుంది. రెండించుల గడపకు ర్యాంపు అక్కర్లేదు. కుర్చీ వెనక కింద ఉండే గొట్టాన్ని కాలితో తొక్కి, ముందు చక్రాలు లేపి అవతల పెట్టి, వెనక చక్రాలను గడపకు ఆనించి తోస్తే దాటుతుంది. నాలుగించులకు మూడడుగుల చెక్క వాలులు రెండు, లోపలొకటి బయటొకటి, వడ్రంగితో చేయించుకోవడం మేలు. పసుపు కుంకుమ పెట్టిన గడప మీద అల్యూమినియం పలక ఆనించడం కొందరికి నచ్చదు. ఇంటి పెద్దవాళ్లను అడిగి, కింద గుడ్డ పరిచి వేస్తే ఎవరూ కాదనరు.

నడకకు వాకర్ వాడేవాళ్లకు, మోకాళ్ల నొప్పులవాళ్లకు ఈ ర్యాంపు ఇవ్వొద్దు. పట్టుకోవడానికి పక్కన కడ్డీ ఉండదు, వాలు మీద వాకర్ ముందుకు పారుతుంది. వాళ్లకు పట్టుకునే కడ్డీ ఉన్న మెట్లే మంచివి. చూపు లేనివాళ్లకు అకస్మాత్తుగా మెట్ల మీద ఎదురయ్యే ర్యాంపు అంచు కాలికి తగులుతుంది. పని అయిపోగానే తీసేయాలి, ఉంచాల్సొస్తే పక్కన ఒకరు నిలబడాలి.

కారు సంగతి. ఈ ఒంటి మడత రకం మూసినా అయిదడుగులే ఉంటుంది. చిన్న కారు డిక్కీలో పట్టదు, వెనక సీటు వాల్చాల్సిందే. సీఎన్‌జీ క్యాబ్ అయితే డిక్కీలో సిలిండరుంటుంది. కుర్చీ పెడితే ర్యాంపుకు, ర్యాంపు పెడితే కుర్చీకి చోటు లేదు. పైన క్యారియర్ ఉన్న క్యాబ్ అడగాలి. క్యాబుల్లో తిరిగేవాళ్లకు అడ్డంగా కూడా మడిచే ఆరడుగుల రకం నయం, మూస్తే మూడడుగులకు వస్తుంది. బరువు రెండు మూడు కిలోలు ఎక్కువ.

పాడయ్యేవి రెండు. కింది అంచున అతికించిన రబ్బరు బద్దలు ఎండలో నిలిపిన కారులో జిగురు వదులుతాయి. పాత సైకిల్ ట్యూబు కోసి అతికించుకోవచ్చు. కీలులో ఇసుక చేరితే పలకలు సమంగా తెరుచుకోవు, మధ్యలో సందు మిగిలి చిన్న చక్రం ఇరుక్కుంటుంది. బ్రష్షుతో దులిపి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. కొబ్బరినూనె వేస్తే ఇంకింత దుమ్ము పడుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో పరిచి ఉంచిన పలకను వట్టి చేతుల్తో మడవకండి.

బాలానగర్‌లోనో రాణిగంజ్‌లోనో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు కదా అంటారు. ఇంటి ముందు శాశ్వతంగా ఉండేదైతే తప్పకుండా చేయించండి. మోసుకెళ్లడానికి మాత్రం వద్దు. 3 మిల్లీమీటర్ల ఇనప చెకర్డ్ షీటు (జారకుండా పైన గీతలు లేచి ఉండే రేకు), ఆరడుగులు రెండున్నర అడుగుల కొలతకు, ఫ్రేము లేకుండానే 35 కిలోల దాకా తూగుతుంది.

మా మాట: ఒక మెట్టు పనులకు అయిదడుగులది కొనొచ్చు. రెండు మెట్లున్న చుట్టాలిళ్లకే ఎక్కువగా వెళ్తారంటే ఆరడుగుల రెండు మడతలది. మూడడుగులది నాలుగించులకు మించి ఎత్తుకు వాడలేరు, డబ్బు దండగ. కోఠి సర్జికల్ దుకాణాల్లో చూస్తే మీ కుర్చీ వెంట తీసుకెళ్లి, మనిషిని కూర్చోబెట్టి ఎక్కించి చూడండి. వీల్‌చైర్లు, మంచాలు అద్దెకిచ్చేవాళ్లను ర్యాంపు కూడా అడగండి. ఒక్క పెళ్లికే అయితే అద్దె చాలు. కొన్నాక మొదటి పని, పలక వెనక పెయింటుతో ఇంటిపేరు రాయించడం. పెళ్లయ్యాక టెంట్ హౌస్ కుర్రాళ్లు కుర్చీలు, టేబుళ్లతో పాటు దాన్నీ ట్రాలీలోకి ఎక్కించేస్తారు.