నల్లగొండ నుంచి బయాప్సీ బ్లాక్ పంపి చేయించిన రెండు పరీక్షలు

మా నాన్న ముప్ఫై ఏళ్ళకు పైగా మిర్యాలగూడ రైసుమిల్లులకూ చుట్టుపక్కల ఊళ్ళలోని ఇళ్ళకూ ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు కోసి బిగించే పని చేశారు. కిందటేడు ఛాతీలో నీరు చేరితే మొదట టీబీ అనుకున్నాము. నీరు తీసినా మళ్ళీ మళ్ళీ చేరుతుండడంతో ఊపిరితిత్తి పైపొర నుంచి ముక్క (బయాప్సీ) తీయించి, దానిని మైనంలో భద్రపరిచిన బ్లాకును నల్లగొండలోని ఒక కలెక్షన్ సెంటరు ద్వారా హైదరాబాదు ల్యాబుకు పంపాము.

కణాలలోని ప్రోటీన్లకు రంగు పట్టించి జబ్బును తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్షలో నాకు లోపమేదీ కనిపించలేదు. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 అనే ప్రోటీన్లు పాజిటివ్‌గా, టీటీఎఫ్1 నెగటివ్‌గా వచ్చాయనీ, క్యాన్సరు కణాల కేంద్రకాలలో బాప్1 లేదనీ, కనుక ఇది మీసోథీలియోమా (ఎక్కువగా ఆస్‌బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తి పైపొరకు వచ్చే క్యాన్సరు) అనీ కారణాలతో సహా రాశారు. నేను ఫోన్ చేసినప్పుడు పాథాలజిస్టు ఓపికగా వివరించారు.

‘మందు ఎంపికకు’ అంటూ విడిగా డబ్బు తీసుకుని చేసిన హార్మోన్ రిసెప్టర్ ప్యానెల్ విషయంలో మాత్రం ఇదే మాట చెప్పలేను. హార్మోన్లూ విటమిన్ డి వంటివీ వచ్చి అంటుకోగానే జన్యువుల పనిని మార్చే న్యూక్లియర్ రిసెప్టర్లు అనే ప్రోటీన్లు మనిషిలో 48 ఉన్నాయి. రొమ్ము క్యాన్సరుకు వాడే టామాక్సిఫెన్ వీటిలోని ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈఆర్) మీదే పనిచేస్తుంది. ఈఆర్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. మీసోథీలియోమాలోనూ, కణితిలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా కనిపించిన రోగులు ఎక్కువ కాలం జీవించినట్టు అధ్యయనాలు వచ్చాయి, దానిని ప్రేరేపించే మందులను కణాలపైనా ఎలుకలపైనా పరీక్షించారు. అది ఆశ కలిగించే పరిశోధనే. కానీ ఆ దారిలో ఈ జబ్బుకు అనుమతి పొందిన మందు ఒక్కటీ లేదు. అమెరికాలో 2004లో అనుమతి పొందిన పెమెట్రెక్సెడ్–సిస్‌ప్లాటిన్ జోడీ, 2020లో వచ్చిన నివోలుమాబ్–ఇపిలిముమాబ్ జోడీ వేరే మార్గాలలో పనిచేస్తాయి. (పెమెట్రెక్సెడ్‌తో పాటు నాన్నకు ఇచ్చిన డెక్సామెథసోన్ మాత్రలు న్యూక్లియర్ రిసెప్టర్ ద్వారానే పనిచేస్తాయి, అయితే అవి చర్మంపై దద్దుర్లు రాకుండా ఇచ్చేవి.)

నా అసలు అభ్యంతరం రిపోర్టుపైన. అందులో ‘ఈఆర్: నెగటివ్’ అని మాత్రమే ఉంది. అది ఆల్ఫానా, బీటానా అన్నది లేదు. రొమ్ము క్యాన్సరుకు మామూలుగా చేసే ఈఆర్ పరీక్ష చూసేది ఆల్ఫాను. పోనీ బీటానే చూశారనుకున్నా, 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో బీటాను గుర్తించడానికి వాడే 13 యాంటీబాడీలను (ఒక ప్రోటీన్‌ను వెతికి అంటుకునే పదార్థాలను) పరీక్షిస్తే ఒక్కటే సరిగ్గా దానినే పట్టుకోగలిగింది. ఏ యాంటీబాడీ వాడారో చెప్పని ఫలితం మీద రోగి కుటుంబం ఆశ పెట్టుకోవడమూ, వదులుకోవడమూ రెండూ అన్యాయమే. నేను రాతపూర్వకంగా అడిగినా జవాబు రాలేదు.

మొదటి పరీక్షకు ఈ ల్యాబును నమ్మకంగా సూచిస్తాను. రెండోదానికి డబ్బు కట్టేముందు ఏ రిసెప్టరు, ఏ క్లోను (ఏ రకం యాంటీబాడీ) అన్నది కాగితం మీద రాయించుకోండి. బ్లాకును తప్పక వెనక్కి తీసుకోండి, అడిగితేనే ఇస్తారు. మాది ఎండ తగలని చోట భద్రంగా ఉంది, ఇంకేదైనా పరీక్ష అవసరమైతే దానినే పంపవచ్చని డాక్టరు చెప్పారు.