బ్యాటన్ రూజ్ ట్రిప్: మోటెల్ వాడు ముంచాడు, బేస్‌బాల్ వాళ్లు కడుపు నింపారు

హూస్టన్ నుంచి ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బేస్‌బాల్ చూడ్డానికి వెళ్దామనుకునే మనవాళ్లకి ముందే చెప్తున్నా, మ్యాచ్ ఉన్న వీకెండ్‌లో బ్యాటన్ రూజ్‌లో హైవే పక్కనుండే చవక మోటెళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఆన్‌లైన్‌లో రాత్రికి 89 డాలర్లు అని చూపించాడు, రెండు రాత్రులకి ట్యాక్సులతో కలిపి 203 అని మెయిల్ కూడా వచ్చింది, తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే ఈవెంట్ వీకెండ్ అని రాత్రికి ఇంకో 25, అది కాక డిపాజిట్ 100. అదేంటండీ మెయిల్‌లో ఈ మాట లేదుగా అంటే వెనక క్యూ చూపించి "కావాలంటే క్యాన్సిల్ చేసుకోండి, కట్టిన డబ్బులైతే రావు" అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర, కారులో నాన్న కాళ్లు పట్టేసి కూర్చున్నారు, ఇంకేం చేస్తాం, కట్టాం.

రూమ్ తలుపు తీయగానే సిగరెట్ కంపు. నాన్-స్మోకింగ్ రూమ్ అని రాసున్న స్టిక్కర్ తలుపు మీదే ఉంది. కిటికీ గట్టు మీద బూడిద, దుప్పటికి వేలు దూరేంత కన్నం చుట్టూ నల్లగా కాలిన గుర్తు. మా ఆవిడ బ్యాగులు కూడా దించకుండా ముందు ఫోన్ తీసి అంతా వీడియో తీసింది, కన్నం దగ్గరికి జూమ్ చేసి మరీ. కిందికెళ్లి అడిగితే వేరే రూములు లేవు, స్ప్రే కొడతాం అన్నారు, అదీ కొట్టలేదు. నాన్నకి దుమ్ము, పొగ పడవు, దగ్గుతూ దగ్గుతూ చివరికి బయట వరండాలో కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు, నాకు ఆయన మొహం చూడాలంటేనే బాధేసింది. ఇంటికొచ్చిన రెండో రోజు కార్డు చూస్తే స్మోకింగ్ ఫీజు 250 డాలర్లు! డిపాజిట్ వంద అందులో కలిపేసుకుని మిగతా 150 మళ్లీ లాగారు. మా ఇంట్లో ఒక్కరికీ ఆ అలవాటు లేదు. ఫోన్ చేస్తే మేనేజర్ లేరు, మళ్లీ చేస్తే మళ్లీ లేరు. కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేసి ఆ వీడియో పంపితే కొన్ని వారాలకి 250 మొత్తం వెనక్కొచ్చింది. ఈవెంట్ పేరుతో గుంజిన 50 మాత్రం పోయినట్టే. కాబట్టి ఏ రూమ్‌లో దిగినా ముందు వీడియో తీసుకోండి, అలాగే ఇలాంటి వీకెండ్‌లో ఊళ్లో కాకుండా గొంజాలెస్‌లోనో లఫయెట్‌లోనో ఉండి పొద్దున డ్రైవ్ చేసుకుని రావడం నయం.

ఇంత జరిగినా మళ్లీ వెళ్తారా అంటే వెళ్తాం, నాన్న ఇండియా నుంచి మళ్లీ వస్తే తప్పకుండా వెళ్తాం. ఎందుకంటే శనివారం మధ్యాహ్నం ఎల్ఎస్‌యూ వాళ్ల బేస్‌బాల్ గ్రౌండ్ అలెక్స్ బాక్స్ స్టేడియం పార్కింగ్‌లో గడిపిన మూడు గంటలు, ఆ తర్వాత చూసిన మ్యాచ్, అమెరికా వచ్చాక నేను చూసిన వాటిల్లో అంత కలుపుగోలుతనం ఇంకెక్కడా చూళ్లేదు.

అసలు ప్లాన్ మావాడిది. పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో పిచ్చింగ్ (మన బౌలింగ్ లాంటిది) చేస్తాడు, వాడికి ఎల్ఎస్‌యూలో ఆడిన పిచ్చర్ పాల్ స్కీన్స్ అంటే ప్రాణం, స్కీన్స్ బాల్ వేసిన గ్రౌండ్ చూడాలని ఏడాదిగా పోరు. నాన్న బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు, స్కూల్ గేమ్స్‌కి సాఫ్ట్‌బాల్ టీముల్ని కూడా తయారు చేసిన మనిషి, కాబట్టి బేస్‌లూ స్ట్రైకులూ ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇష్టం లేకుండా బయల్దేరింది మా ఆవిడే, తను ఆస్టిన్‌లో ఎంఎస్ చేసింది, అక్కడి టెక్సస్ యూనివర్సిటీ టీమ్ అంటే ప్రాణం, ఎల్ఎస్‌యూ అంటే గిట్టదు. దారి సంగతి చెప్పడానికేం లేదు, ఐ-10 మీద 270 మైళ్లు, లఫయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి మీద 18 మైళ్ల బ్రిడ్జి ఒక్కటి బాగుంటుంది, ఆ తర్వాత మిసిసిపీ బ్రిడ్జి దిగగానే లేన్లు తగ్గిపోయి ట్రాఫిక్ జామ్, అక్కడే నలభై నిమిషాలు పోయాయి.

శనివారం కారు క్యాంపస్‌లో దూరంగా పెట్టి నడుచుకుంటూ వస్తున్నాం, పార్కింగ్ నిండా పర్పుల్, గోల్డ్ టెంట్లు, పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు. ఒక టెంట్ దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు నాన్నని చూసి "సార్, ఎండలో ఎందుకు, లోపలికి రండి" అని కుర్చీ లాగారు. ఎవరు ఏంటి అని ఒక్క ప్రశ్న లేదు. ఐదు నిమిషాల్లో టేబుల్ మీద పేపర్లు పరిచి గుండిగలోంచి క్రాఫిష్ కుమ్మరించారు. రొయ్యకీ పీతకీ మధ్యరకంగా ఉంటుంది, ఎర్రగా ఉడికి, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు, వెల్లుల్లి గడ్డలు గడ్డలుగానే అందులో వేసి. తల తుంచి, తోక దగ్గర నొక్కి, కండ లాగి నోట్లో వేసుకోవడం ఎలాగో పెద్దాయన నాన్నకి దగ్గరుండి చూపించారు. ఆవిరి మొహానికి కొడుతుంటేనే ముక్కు కారింది, అంత కారం. అమెరికాలో తిండికి ఉప్పూ కారం ఉండదని రోజూ సణిగే మా నాన్న, గుంటూరు జిల్లా మనిషి, కళ్లు తుడుచుకుంటూ "ఇదీ వంటంటే" అని మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. ఊళ్లో రెస్టారెంట్‌లో ముందు రోజు ఇదే క్రాఫిష్ మూడు పౌండ్లు 27 డాలర్లు పెట్టి తిన్నాం, దీని ముందు అది దిగదుడుపే. డబ్బులివ్వబోతే ఆయన నొచ్చుకున్నారు.

మా ఆవిడ శనివారం నీసు ముట్టదు. ఆ సంగతి చెప్తే పెద్దాయన భార్య చాలా కంగారు పడిపోయారు, అన్నీ ఒకే నీళ్లలో ఉడికినవే కదా మీకేం పెట్టను అని. మా దగ్గర పులిహోర డబ్బా ఉంది, అది తీసి ఆవిడకీ పెట్టాం. తాలింపులో వేరుశనగ గింజలు ఏరుకుని మరీ తిన్నారావిడ, ఆ పులుపు ఎక్కడిదని అడిగి చింతపండు అని ఫోన్‌లో రాసుకున్నారు. అక్కడితో మా ఆవిడ మూడ్ మారింది.

తింటూ ఉండగానే కథ మొదలైంది. ఆ పెద్దాయన పాత అలెక్స్ బాక్స్ రోజుల నుంచీ వస్తున్నారట. ఎల్ఎస్‌యూ బేస్‌బాల్ మొదలైంది 1893లో, తొలి మ్యాచ్‌లోనే టులేన్ యూనివర్సిటీని ఓడించారు. ఇప్పుడేమో ఇక్కడ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్ష మంది పైగా పడతారు, కానీ పుట్టుకలో బేస్‌బాలే ముందు. పుట్టినా చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు, 1986 దాకా ఒక్కసారి కూడా ఒమాహాకి వెళ్లలేదు. ఒమాహా అంటే నెబ్రాస్కాలో, కాలేజ్ వరల్డ్ సిరీస్ 1950 నుంచీ అక్కడే జరుగుతుంది, కాలేజీ బేస్‌బాల్ ఆడే ప్రతి కుర్రాడి కలా అదే. స్టేడియం పేరులో ఉన్న అలెక్స్ బాక్స్ కూడా ఎల్ఎస్‌యూలో ఆడిన కుర్రాడే, రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో చనిపోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన టోపీ తీశారు.

అంతా మార్చింది స్కిప్ బెర్ట్‌మన్ అనే కోచ్. మయామీ యూనివర్సిటీలో అసిస్టెంట్‌గా చేసినాయన, 1984 సీజన్ నుంచి ఇక్కడ హెడ్ కోచ్. రెండేళ్లలో ఒమాహా చేర్చాడు, 1991లో మొదటి టైటిల్, తర్వాత 1993, 1996, 1997, 2000. పదేళ్లలో ఐదు! నాన్న ఇక్కడ ఆపి అడిగారు, "మరి జనం ఎప్పట్నుంచి వచ్చారు?" పీఈటీ మాస్టారి ప్రశ్న అది, ఖాళీ గ్రౌండ్‌లో టీములు ఆడించిన మనిషికే తడుతుంది. గెలవడం మొదలయ్యాకే వచ్చారు, వచ్చాక ఇక వదల్లేదు, 1996 నుంచి వరసగా ఏళ్ల తరబడి దేశంలో కాలేజీ బేస్‌బాల్‌కి ఎక్కువ జనం వచ్చింది ఈ టీమ్ మ్యాచ్‌లకే. బెర్ట్‌మన్ 2001లో కోచింగ్ వదిలి అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యాడు, ఇప్పుడున్న కొత్త స్టేడియం ఆయన హయాంలో మొదలై 2009లో తెరిచారు, 10,326 సీట్లు. బయట ఆయన విగ్రహం ఉంది, గ్రౌండ్‌కీ ఆయన పేరే.

ఇక 1996 ఫైనల్. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డారు. మయామీ మీద ఆఖరి ఇన్నింగ్స్, 8-7తో వెనకబడి ఉన్నారు, రెండు అవుట్లు అయిపోయాయి, మూడో బేస్ మీద ఒకడున్నాడు. బ్యాటింగ్‌కి వచ్చింది వారెన్ మోరిస్. చేతి ఎముకకి ఆపరేషన్ అయి సీజన్‌లో చాలా మ్యాచ్‌లు ఆడలేదు, ఆ ఏడాది ఒక్క హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది, కొట్టినవాడితో పాటు బేస్‌ల మీదున్నవాళ్లకీ తలో రన్) కూడా లేదు. మొదటి బాల్, రైట్ ఫీల్డ్ గోడ మీదుగా బయటికి! 9-8. మయామీ కుర్రాళ్లు గ్రౌండ్ మీదే బోర్లా పడిపోయారు. నాన్న అంతా విని "షార్జాలో మియాందాద్ సిక్స్" అన్నారు, కళ్లు మూసుకుని. 1986, చేతన్ శర్మ ఆఖరి బాల్, మనకి అది గాయం. ఆ కథ నేను ఇంగ్లీషులో చెప్తే పెద్దాయన నాన్న భుజం మీద చెయ్యి వేసి "నాకు అర్థమైంది" అన్నారు. ఒకరు గెలిచినాయన, ఒకరు ఓడినాయన, ఆ కాసేపట్లో ఇద్దరూ దోస్తులైపోయారు.

అల్యూమినియం బ్యాట్ల సంగతి కూడా వచ్చింది. కాలేజీల్లో చెక్క బ్యాట్ కాదు, అల్యూమినియం లాంటివి వాడతారు, బాల్ తగిలితే టింగ్‌మంటుంది. 1979లో పెర్త్‌లో ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగి గొడవైన సంగతి నాన్న గుర్తు చేశారు. ఆ బ్యాట్లతోనే 1997లో ఎల్ఎస్‌యూ 188 హోమ్ రన్లు కొట్టింది, దాన్ని గొరిల్లా బాల్ అనేవారట. దేశమంతా ఇదే ధోరణి, 1998 ఫైనల్ స్కోర్ 21-14 వచ్చేసరికి ఇది బేస్‌బాలేనా అని గోల లేచి బ్యాట్ల రూల్స్ బిగించారు, 2011లో ఇంకా గట్టిగా బిగించారు. నా మటుకు నాకు అది మంచి పనే అనిపిస్తుంది, లేకపోతే మావాడి లాంటి పిచ్చర్లకి బతుకేది.

2009 ఫైనల్ గురించి చెప్పబోయి పెద్దాయన మా ఆవిడ వైపు చూసి ఆగారు, ఎందుకంటే అందులో ఓడింది టెక్ససే. మా ఆవిడ ఊరుకుంటుందా, "ఒమాహాకి అందరికన్నా ఎక్కువసార్లు వెళ్లింది మేమే, చూసుకోండి" అంది. "వెళ్లడం వేరమ్మా, టైటిళ్లు మీవి ఆరు, మావి ఎనిమిది" అన్నారాయన. 2023, 2025 కలిపి ఎనిమిది, యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) 12, దాని తర్వాత ఎల్ఎస్‌యూయే.

2023 కథ మావాడే అందుకుని చెప్పాడు, పెద్దాయన విన్నారు. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ మీద స్కీన్స్ ఒక్క రన్ ఇవ్వకపోవడం, మామూలు తొమ్మిదిలో తేలక పదకొండో ఇన్నింగ్స్‌లో టామీ వైట్ హోమ్ రన్‌తో 2-0 గెలవడం, మూడు మ్యాచ్‌ల ఫైనల్ సిరీస్‌లో రెండో రోజు ఫ్లోరిడా చేతిలో 24-4తో చావుదెబ్బ తిని మర్నాడే 18-4తో కప్పు కొట్టడం. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీములు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునేది) మొదటి పేరు స్కీన్స్, రెండోది డిలన్ క్రూస్, ఒకే టీమ్ నుంచి మొదటి రెండూ వెళ్లడం అదే మొదలు. 24-4 తర్వాత రాత్రి ఆ కోచ్ కుర్రాళ్లతో ఏం మాట్లాడి ఉంటాడా అని నాన్న హూస్టన్ వచ్చేదాకా అదే ఆలోచన.

టికెట్లు రీసేల్‌లో ఫీజులతో మనిషికి 31, నలుగురికి 124 అయింది, అవుట్‌ఫీల్డ్ వైపు బెంచీలు. ఆ డబ్బుకి తగ్గ మ్యాచే. ట్రాన్స్‌పరెంట్ బ్యాగ్ తప్ప లోపలికి రానివ్వరు, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ పెట్టి రావడానికి నేను కారు దాకా వెనక్కి నడవాల్సి వచ్చింది, గేటు దగ్గరున్న కుర్రాడు మాత్రం మర్యాదగానే చెప్పాడు. రైట్ ఫీల్డ్ అవతల పులి బొమ్మతో పెద్ద బోర్డు, దాని మీద టైటిల్ గెలిచిన సంవత్సరాలు, అవతలి టీమ్ పిచ్చర్‌కి ఆ బోర్డు చూస్తేనే సగం ధైర్యం పోతుంది. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక హోమ్ రన్ మాకు రెండు వరసల ముందు పడింది, పట్టుకున్నాయన మావాడి గ్లవ్ చూసి బాల్ అందులో పడేశాడు. వాడు నిద్రలో కూడా వదల్లేదు.

ఆదివారం పొద్దున క్యాంపస్‌లోనే ఉన్న పులి, మైక్, చూశాం, డబ్బులక్కర్లేదు, పడుకుని ఉంది, పది నిమిషాలు చాలు. మొత్తం ఖర్చు గ్యాస్ 74, రూమ్ 253, టికెట్లు 124, తిండి 118.

వెళ్లేవాళ్లు శుక్రవారం మ్యాచ్‌కే వెళ్లేలా చూసుకోండి, కాలేజీ టీములు సాధారణంగా తమ బెస్ట్ పిచ్చర్‌ని శుక్రవారం దింపుతాయి, మేం రాత్రికి చేరడంతో అది చూడలేకపోయాం. క్రాఫిష్ కావాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లండి, మే దాటితే ఎండా ఎక్కువే, సరుకూ తగ్గిపోతుంది. మ్యాచ్‌కి కనీసం మూడు గంటల ముందు పార్కింగ్‌లో ఉండండి, వట్టి చేతుల్తో మాత్రం వెళ్లకండి, ఒక డబ్బా పులిహోరైనా పట్టుకెళ్లండి.