రోడ్ బైక్ బ్రేకులు మార్పించే ముందు నెల్లూరోళ్ళు, ఒంగోలోళ్ళు ఒకసారి ఇది చదవండి

రోడ్ బైక్ అంటే పెట్రోలు బండి కాదు, వంపు హ్యాండిల్ సైకిలు. బ్రేకులు సరిగా పట్టడం లేదని షాపుకు తీసుకెళ్తే మొదట వినపడే మాట "కాలిపర్లు మార్చెయ్ అన్నా". కాలిపర్ అంటే రెండు వైపుల నుంచీ ప్యాడ్లను రిమ్‌కు అదిమే చేతుల జత. కాస్త ఆగండి. మా ఊళ్ళో ఒక షాపు నా దగ్గర రూ. 6,800 తీసుకుని, బాగున్న కాలిపర్లు పీకేసి, ప్రాణం మీదకు తెచ్చేవి బిగించి పంపింది. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. ఏం చేశారో మాత్రం విడమరిచి చెప్తా.

నాది అల్యూమినియం ఫ్రేము, షిమానో కంపెనీ క్లారిస్ షిఫ్టర్లు (గేరు, బ్రేకు లివర్లు), సైకిలుతోనే వచ్చిన టెక్ట్రో కంపెనీ రిమ్ బ్రేకులు. ఈ ధరలో చాలా సైకిళ్ళకు ఉండేవి ఇవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో మైపాడు రోడ్డు మీద తిప్పా. ఇసుక, ఉప్పుగాలి, పైగా రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ళు. వానలు తగ్గేసరికి లివర్ ఆఖరు దాకా నొక్కినా సైకిలు తాపీగా ఆగుతోంది, వదిలితే లివర్ వెనక్కి రావడానికి బద్ధకిస్తోంది. షాపులో కుర్రాడు చక్రం తిప్పి కూడా చూడలేదు. "కంపెనీ బ్రేకులు పేరుకేనన్నా. 105 వేసుకో, ఒక్క వేలుతో ఆగుద్ది. నేనూ అవే వాడతుండా" అన్నాడు. షిమానో రకాల్లో క్లారిస్, సోరా, టియాగ్రా దాటాక వచ్చే పై మెట్టు 105. ఆ పేరు చెప్తే ఎవరికైనా మనసు లాగుతుంది, నేనూ సరేనన్నా.

వాళ్ళు చేసిన మొదటి తప్పు కాలిపర్ సైజులో. బిగించే బోల్టు నుంచి రిమ్ మీద ప్యాడ్ ఆనే చోటు దాకా ఉండే దూరాన్ని రీచ్ అంటారు. మామూలు రోడ్ కాలిపర్ సుమారు 39 నుంచి 49 మిల్లీమీటర్ల దాకా అందుతుంది. లావు టైర్లకూ మడ్‌గార్డులకూ చోటు వదిలిన నా ఫ్రేములాంటి వాటికి 47 నుంచి 57 రకం కావాలి. వాళ్ళు బిగించింది పొట్టిది. ప్యాడ్‌ను సందులో చివరి దాకా దించినా సగం రిమ్ మీద, సగం టైరు మీద పడింది. నరసింహకొండ ఎక్కి దిగుతుంటే కాలిన రబ్బరు వాసన. కింద ఆపి చూస్తే ముందు టైరు పక్క గోడ చుట్టూతా ఒక గీతలాగా అరిగి, లోపలి తెల్ల దారాలు కనపడుతున్నాయి. కాలిపర్ నిండా నల్లటి పొడి. ఇంకో రెండు దిగుడులైతే టైరు పేలేది.

మర్నాడు తీసుకెళ్ళి చూపిస్తే ఓనరు చెప్పిన వైద్యం: "సన్న టైరు వేసుకో అన్నా, సరిపోద్ది." రిమ్ ఉన్నచోటే ఉంటుంది కదయ్యా, టైరు సన్నమైతే ప్యాడ్ సగం గాల్లో ఆనుతుంది. ఈ ముక్క తెలియని మనిషి చేతిలో బ్రేకులు పెడుతున్నాం.

రెండోది ఇంకా ఘోరం, ఎందుకంటే బయటికి కనపడదు. ఒంగోల్లో ఉండే మా స్నేహితుడొకడు, రోజూ కొత్తపట్నం బీచి దాకా తొక్కేవాడు, ఆ వారం నెల్లూరొచ్చాడు. ముందు కేబుల్‌ను హ్యాండిల్ దగ్గర పట్టుకుని చూసి "ఏందబ్బాయ్, బ్రేకుకు గేరు అవుటర్ వేసినారు?" అన్నాడు. అవుటర్ అంటే బ్రేకు తీగ నడిచే పై గొట్టం. నేను నమ్మలేదు. చివర టోపీ పీకి చూపించాడు. బ్రేకు అవుటర్ లోపల చపటా ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, ఎంత గట్టిగా లాగినా తట్టుకుంటుంది. గేరు అవుటర్ లోపల సన్న తీగలు చీపురు పుల్లల్లా పొడుగ్గా పరిచి ఉంటాయి. గేరు మార్చడానికి అది చాలు. బ్రేకు లాగే బలానికి ఆ తీగలు ప్లాస్టిక్ చీల్చుకుని బయటికి రావచ్చు, వస్తే లివర్ ఒక్కసారిగా హ్యాండిల్‌కి అతుక్కుంటుంది, బ్రేకు ఉండదు. నాది వంపు దగ్గర అప్పటికే ఉబ్బింది. అవుటర్ సాధారణంగా బ్రేకుది 5 మి.మీ., గేరుది 4 మి.మీ. లోపలి తీగ కూడా బ్రేకుది సుమారు 1.5, గేరుది 1.2. పక్కపక్కన పెడితే పిల్లాడైనా చెప్పేస్తాడు. షాపులో బ్రేకు అవుటర్ అయిపోయి ఉంటుంది, ఉన్నది కోసేశారు.

ప్యాడ్ రబ్బరు కూర్చునే షూలు కూడా తిరగేసి బిగించారు. రబ్బరు జారిపోకుండా షూకి ఒక వైపు మూసి ఉంటుంది, ఆ వైపు సైకిలు ముందుకు ఉండాలి. తిరగబడితే బ్రేకు పట్టినప్పుడు తిరిగే రిమ్ రబ్బరును ముందుకు లాగి బయటికి తోసేస్తుంది. చాలా షూల మీద బాణం గుర్తు ఉంటుంది, ఇంటికి తేగానే చూసుకోండి.

ఇంతకీ నా పాత బ్రేకులకు వచ్చిన రోగం ఏంటి? పాత కాలిపర్లు క్యారీబ్యాగులో వేసి ఇచ్చారు, అదొక్కటే వాళ్ళు చేసిన మేలు. వాటి ప్యాడ్లు గట్టిపడి నున్నగా మెరుస్తున్నాయి, అరుగుదల చూపించే గాట్లు ఎప్పుడో పోయాయి. సూదితో గిల్లితే అల్యూమినియం ముక్కలు రాలాయి, రిమ్ నుంచి ఊడి రబ్బర్లో ఇరుక్కున్నవి. కాలిపర్ మాత్రం ఇటూ అటూ ఊపితే లూజు లేదు, స్ప్రింగు బాగుంది. కడిగి, చేతులు తిరిగే పివట్ల దగ్గర చుక్క నూనె వేసి (ప్యాడ్ మీద పడకూడదు), దాన్నే మళ్ళీ బిగించాం. మంచి ప్యాడ్లు, కొత్త బ్రేకు తీగ, అసలైన బ్రేకు అవుటర్ వేసి, రిమ్ స్పిరిటుతో తుడిచాం. షాపుకిచ్చిన దాంట్లో ఐదో వంతు కూడా కాలేదు. అదే నరసింహకొండ దిగుడులో రెండు వేళ్ళతో ఆగుతోంది.

అందుకే అంటున్నా, ముందు ప్యాడ్లు, కేబుళ్ళు. ఆ రెండూ సరిగా ఉంటే మామూలు డ్యుయల్ పివట్ (రెండు పివట్ల) కాలిపర్ కూడా వెనక చక్రాన్ని జారేలా ఆపగలదు, ముందు బ్రేకు ఇంకా గట్టిగా పడితే వెనక చక్రమే లేస్తుంది. అంతకు మించి ఆపాలంటే టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు ఉండాలి, అది ఏ కాలిపరూ తెచ్చివ్వలేదు. ఖరీదైన కాలిపర్‌తో వచ్చేది వేలికి తక్కువ శ్రమ, ఎంత కావాలో అంతే పట్టే సుఖం. రాపూరు–చిట్వేలి ఘాటు, దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు తరచూ దిగేవాళ్ళకు దానికి డబ్బు పెట్టడం దండగ కాదు. హైవే మీద కావలి దాకా పోయి టిఫిన్ చేసి వచ్చేవాళ్ళకు అక్కర్లేదని నా లెక్క. కాలిపర్ చేతులు ఊగుతుంటే, శుభ్రం చేసినా స్ప్రింగు తిరిగి రాకపోతే మాత్రం మార్చాల్సిందే. అప్పుడూ రీచ్ కొలిచి, మీ లివర్లకు సరిపడేదే కొనండి. షిమానోలోనే కొత్త లివర్‌తో పాత కాలిపర్ కలిపితే బ్రేకు బలం తగ్గుతుంది.

"డిస్క్ బ్రేకు వేసేద్దాం, దాన్ని బిగించే లగ్గులు ఫ్రేముకు వెల్డింగ్ చేయిస్తా" అనేవాళ్ళకు దణ్ణం పెట్టి బయటికి రండి. ఆ వేడికి అల్యూమినియం బలం పోతుంది. రిమ్ బ్రేకు ఫోర్కు కూడా, డిస్క్ ఒక కాలు మీదే వేసే బరువుకు తయారైంది కాదు. ఇప్పటికే హైడ్రాలిక్ డిస్క్ ఉన్నవాళ్ళు ఆయిల్ డబ్బా కళ్ళతో చూశాకే పోయనివ్వండి. షిమానోకు మినరల్ ఆయిల్, అందులో మోటార్ సైకిల్‌కు పోసే డాట్ బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్ళు పాడవుతాయి.

బిల్లు సంగతి. నాకిచ్చిన కాగితంలో "బ్రేక్ సెట్ 1" అని రాసి ఉంది, అంతే. డబ్బా మీద 105 అని ఉంది, అసలైన దానికి కాలిపర్ చేతి వెనక ఉండే బీఆర్-ఆర్7000 లాంటి మోడల్ నంబరు ఎక్కడా లేదు. అడిగితే "మీరే డబ్బా చూసుకున్నారు గదన్నా" అంటున్నారు. మీరైతే మోడల్ నంబరుతో జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే డబ్బులివ్వండి, బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, అరిగిన టైరు ఫొటోలతో ఫిర్యాదు పెట్టా. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. ఫిర్యాదు నంబరు చెప్పగానే షాపువాళ్ళు లేబర్ చార్జీ తిరిగిస్తామన్నారు. టైరు, కాలిపర్ల డబ్బు మాత్రం ఇంకా రావాలి.