రెండు వకాలత్‌లు, ఒక దావా: ప్లీడరు సేవలపై వాడి చూసిన మనిషి సమీక్ష

మిక్సీ కొనాలన్నా నలుగురి అభిప్రాయం కనుక్కుంటాం. ప్లీడరును మాత్రం "మా బావమరిదికి తెలిసినాయన" అన్న ఒక్క మాట మీద పెట్టేసుకుంటాం. శ్రీకాకుళం జిల్లాలో మా అమ్మ వేసిన ఒక సివిల్ దావాను మొదటి కాగితం నుంచి తీర్పు దాకా, ఇప్పుడు అప్పీలు దాకా నడిపిస్తున్నది నేనే. మధ్యలో ప్లీడరును మార్చుకున్నాం. ఇద్దరి పేర్లూ రాయను, కోర్టు పేరూ అనవసరం. ఇద్దరి పనీ దగ్గరగా చూశాను కాబట్టి, కొత్తగా కోర్టు మెట్లెక్కేవాళ్లకు పనికొచ్చేంత వరకు చెబుతాను.

ముందు దావా సంగతి. నరసన్నపేట వైపు ఎకరన్నర జీడితోట. అమ్మ పెళ్లిలో తాతగారు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. ఇచ్చినట్టు ఒక తెల్లకాగితం, దాని మీద నలుగురు పెద్దమనుషుల సంతకాలు. రిజిస్ట్రేషన్ లేదు, స్టాంపు లేదు. మన వైపు ఎన్ని ఇనప్పెట్టెల్లో ఇలాంటి కాగితాలున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి. తాతగారు, మేనమామ పోయాక మేనమామ కొడుకులు గట్టు జరిపి, తోటే తమదన్నారు. ఊళ్లో తగవు పెట్టాం. పెద్దమనుషులు వచ్చారు, మాట్లాడారు, భోజనాలు చేశారు, గట్టు మాత్రం జరిగిన చోటనే ఉండిపోయింది. చివరికి శాశ్వత ఇంజంక్షన్ (వాళ్లు తోట జోలికి రాకుండా నిషేధ ఉత్తర్వు) కోరుతూ ఓ.ఎస్. (అసలు సివిల్ దావా) వేశాం.

మొదటి ప్లీడరు గారికి మంచి పేరుంది. కోర్టు హాల్లో గొంతు ఖంగుమంటుంది. తొలి విచారణలోనే తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చారు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఆయన దేవుడు. ఆయన నిజమైన పనితనం తెలిసింది మాత్రం ఆ తర్వాత. సివిల్ దావాలో వాదనలు జరిగే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతావన్నీ కౌంటరు (అవతలివాళ్ల జవాబు) కని, స్టెప్స్ (నోటీసులు పంపే ఏర్పాట్లు) కని, ఇష్యూల (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నల) కని, సాక్ష్యానికని పడే వాయిదాలే. ప్లీడరు ఎలాంటివారో చెప్పేది ఆ చప్పటి వాయిదాలు. ఆ రోజు ఆయన కోర్టుకు వచ్చారా, జూనియర్ను పంపారా, పంపిన జూనియర్‌కు కేసేమిటో తెలుసా, సాయంత్రం ఫోను చేస్తే గుమాస్తా తడుముకోకుండా తేదీ చెబుతాడా: వీటిని బట్టి నేను మార్కులు వేస్తాను. ఆయనకు వీటిలో వచ్చినవి బొటాబొటి మార్కులు.

నకళ్ల విషయంలో అయితే సున్నా. అవతలివాళ్లు వేసిన రిటెన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) కాపీ అడిగితే "మీకెందుకమ్మా, నేనున్నాను కదా" అన్నారు. అదే మాట నవ్వుతూ, మర్యాదగా, అడిగిన ప్రతిసారీ. చివరికి జెరాక్సు డబ్బులిచ్చి గుమాస్తా దగ్గర తీసుకున్నాను. అది ఇంగ్లీషులో ఉంది. మా వీధిలో ఉండే విశ్రాంత హెడ్మాస్టరు గారు కూర్చోబెట్టి పేరా పేరా తెలుగులో చెప్పారు. అందులో సూటిగానే ఉంది: తెల్లకాగితం చెల్లదు, వాదికి హక్కే లేదు, హక్కు తేల్చమని అడగకుండా వట్టి ఇంజంక్షన్ దావా నిలవదు.

ఈ మాటల్లో దేన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. హక్కు మీదే వివాదం ఉన్నప్పుడు ఇంజంక్షన్‌తో పాటు హక్కు ప్రకటన కూడా కోరాలని 2008లో సుప్రీంకోర్టు, తెలుగు నేల మీద నుంచి వెళ్లిన ఒక కేసులోనే, వివరంగా చెప్పింది. ఇదంతా నేను అప్పటికప్పుడు తెలుసుకున్నది కాదు, రెండో ప్లీడరు గారు తర్వాత చెప్పింది. మొదటాయనను అడిగితే "ఆర్గ్యుమెంట్‌లో చూసుకుందాంలే" అన్నారు. అప్పుడే మార్చాలని నిర్ణయించుకున్నాను.

ప్లీడరును మార్చడం మనవాళ్లు భయపడేంత పెద్ద పనేమీ కాదు. పాత ప్లీడరు గారు అభ్యంతరం లేదని రాసిస్తే కొత్తవారి వకాలత్ (మన తరఫున కేసు నడపమని ఇచ్చే అధికారపత్రం) దాఖలవుతుంది. ఇవ్వనంటే కోర్టు అనుమతి కోరవచ్చు. మాకు చిక్కు ఫైలు దగ్గర వచ్చింది. బాకీ తీరిస్తేనే ఇస్తానన్నారు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు ప్లీడరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఫీజు రావలసి ఉంటే దానికి వేరే దారులున్నాయి. మేము ఆ తీర్పు పట్టుకుని పోట్లాటకు వెళ్లలేదు. బార్‌లో పెద్దాయన ఒకరు మాట్లాడారు, న్యాయంగా తోచిన మొత్తం ఇచ్చాం, ఫైలు చేతికి వచ్చింది. అంతకీ మాట వినకపోతే? ప్లీడరు సేవలు వినియోగదారుల చట్టం కిందకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి లాభం లేదు. వృత్తిపరమైన దుష్ప్రవర్తన అయితే 1961 నాటి అడ్వకేట్ల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కేసు ఓడిపోవడం మాత్రం దుష్ప్రవర్తన కాదు. ఈ తేడా తెలియక చాలామంది బార్ కౌన్సిల్‌కు ఉత్తరాలు రాస్తుంటారు.

రెండో ప్లీడరు గారు మేడమ్. వయసులో నాకన్నా చిన్నవారే. గొంతు పెద్దది కాదు, ఆఫీసూ పెద్దది కాదు. మొదటి రోజే అసలు కాగితాలన్నీ బల్ల మీద పరిపించి, జాబితా రాసి, జెరాక్సులు ఉంచుకుని అసళ్లు తిరిగిచ్చేశారు. కోర్టులో దాఖలు చేయాల్సినప్పుడు తెమ్మన్నారు. ఫోన్లో ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమి తెరిచి అడంగల్ (సాగు, అనుభవం రికార్డు), 1-బి (హక్కుల రికార్డు) చూపిస్తే అదొక్కటే చాలదని, తహసీల్దారు కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకళ్లు తెప్పించారు. అడంగల్‌లో పేరున్నంత మాత్రాన భూమి హక్కు రాదు, కానీ స్వాధీనం చూపడానికి పాత శిస్తు రసీదులతో కలిపి అది చాలా పనికొస్తుంది. మా అమ్మ పారేయకుండా దాచిన ఆ చీకిపోయిన రసీదులే తర్వాత ఎక్స్. ఏ వరుసలో, అంటే మా తరఫు సాక్ష్య పత్రాల జాబితాలో, సగం నంబర్లు పొందాయి.

సాక్ష్యం మొదలుకాక ముందే ప్లెయింటు (దావా పత్రం) సవరణకు ఐ.ఏ. (దావా మధ్యలో వేసే దరఖాస్తు) వేశారు. విచారణ మొదలయ్యాక సవరణ దొరకడం కష్టం, ముందే ఎందుకు అడగలేదో కోర్టుకు నచ్చజెప్పాలి. దానం చెల్లకపోయినా, పన్నెండేళ్లకు మించి అందరికీ తెలిసేలా, యజమానిగానే తోట అనుభవిస్తున్నందున హక్కు సంక్రమించిందని ప్రత్యామ్నాయ వాదన చేర్చారు. ఇలాంటి వాదనతో వాది కూడా దావా వేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో ఒప్పుకుంది. కోర్టు ఫీజు పెరిగింది, అది వేరే సంగతి. తెల్లకాగితం మీద అవతలి ప్లీడరు అభ్యంతరం చెబుతారని ముందే ఊహించి, స్టాంపు సుంకం, దాని మీద పదింతల జరిమానా సిద్ధం చేసుకోమన్నారు. అవి కట్టాక ఆ కాగితాన్ని హక్కు రుజువుగా కాకపోయినా, అమ్మ ఆ భూమిలోకి ఎలా వచ్చిందో చూపడం వరకు పరిశీలించారు.

నాకు బాగా నచ్చింది ఆమె అమ్మను సాక్ష్యానికి సిద్ధం చేసిన తీరు. ఒక ఆదివారం తోటకు వచ్చారు. చీఫ్ అఫిడవిట్ (అమ్మ సాక్ష్యం రాతపూర్వకంగా) ముసాయిదా చేతిలో ఉంది, ఇంగ్లీషులోదే. జీడిచెట్టు కింద కూర్చుని ఒక్కో పేరా తెలుగులో చదివి, "అమ్మా, ఇందులో మీకు తెలియని మాట ఏదైనా ఉందా?" అని అడిగారు. హద్దుల దగ్గర అమ్మ ఆపింది. "ఈ సర్వే నంబర్లు నాకు తెలియవమ్మా. తూర్పున పనసచెట్టు, దాని అవతల గెడ్డ (వాగు). నాకు తెలిసింది అంతే." పాత ప్లెయింటులోంచి ఎత్తి రాసిన ఆ వాక్యం అక్కడికక్కడే మారింది: అమ్మకు తెలిసిన హద్దులు ఆమె మాటల్లో, నంబర్లు రికార్డుల ప్రకారం అని వేరుగా. ఏం చెప్పాలో మాత్రం ఒక్క ముక్క నేర్పలేదు. "అడిగింది పూర్తిగా వినండి, తెలియకపోతే తెలియదనండి, కోపం తెచ్చుకోకండి" అన్నారు, అంతే.

క్రాస్‌లో (ఎదురు ప్రశ్నల్లో) అవతలి ప్లీడరు గారు పట్టుకున్నది అదే. తూర్పు సర్వే నంబరెంత అని ఒకటికి నాలుగుసార్లు అడిగారు. అమ్మ బోనులో కొంగు సవరించుకుని, "నంబరు కాగితంలో ఉంటుంది బాబూ. నాకు తెలిసింది గెడ్డ" అంది. అఫిడవిట్‌లో నంబర్లు అమ్మ నోటి మాటగా ఉండి ఉంటే ఆ నాలుగు ప్రశ్నలకు దావా బీటలు వారేది. తీర్పులో ఆ జవాబు ప్రస్తావన వచ్చింది, మాకు అనుకూలంగానే.

మేడమ్ గారిలో లోపాలు లేకపోలేదు. పగలు ఫోను ఎత్తరు. టైపింగ్ ఆలస్యం. అన్నిటికన్నా కష్టం, భరోసా ఇవ్వరు. "గెలుస్తామా మేడమ్?" అంటే "ఇష్యూ రెండులో బలంగా ఉన్నాం, ఒకటిలో కాస్త బలహీనం" అంటారు. ఆ మాట విని అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అయినా "మనదే గెలుపు, ఇంటికెళ్లి నిద్రపోండి" అనే ప్లీడరు కన్నా ఈమే నయమని నా అభిప్రాయం.

ఫీజు గురించి. మన దగ్గర రెండు రకాలు నడుస్తాయి: మొత్తానికి ఇంతని మాట్లాడుకోవడం, లేదా వాయిదాకు ఇంతని ఇవ్వడం. మొత్తం మాట్లాడుకున్నా కోర్టు ఫీజు, టైపింగ్, కోర్టు నియమించే కమిషనరు ఫీజు, నకళ్ల ఖర్చు, గుమాస్తా చేతిఖర్చు అందులో ఉన్నాయో లేవో మొదటే అడగండి. డబ్బు ఫోన్లో పంపితే రసీదు అడగాల్సిన మొహమాటం ఉండదు. గెలిస్తే భూమిలో వాటా అనే ఒప్పందానికి ఒప్పుకోకండి, ఫలితాన్ని బట్టి ఫీజు బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. వకాలత్ మీద సంతకం సరే, ఖాళీ తెల్లకాగితాల మీద మాత్రం ఎవరడిగినా వద్దు.

డబ్బు లేదని ఆగిపోయేవాళ్లు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. మా అమ్మకూ ఆ అర్హత ఉంది. అప్పటికే మేడమ్ గారి మీద గురి కుదిరింది కనుక మేము వాడుకోలేదు, మా పిన్ని మాత్రం తన మనోవర్తి కేసులో వాడుకుని తృప్తిగానే ఉంది.

ఈ-కోర్టుల యాప్ గురించి రెండు మాటలు. పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఒక్కసారి కొట్టి కేసును దాచుకుంటే తర్వాతి తేదీ, దేనికి వాయిదా పడింది, ఉత్తర్వులు, అన్నీ తెలుగులో కాకపోయినా కనిపిస్తాయి. ఉచితం. దావా నంబరు పడగానే ప్లీడరును మొదట అడగాల్సింది ఈ నంబరే. అయితే కోర్టు సిబ్బంది ఎక్కించిందే ఇక్కడ కనిపిస్తుంది కాబట్టి, వాయిదా సాయంత్రం గుమాస్తాకు ఫోను చేయడం మానకూడదు. గుమాస్తాతో మంచిగా ఉండండి. కేసు కట్ట ఎక్కడుందో తెలిసిన మనిషి ఆయన.

మధ్యలో ఒకసారి లోక్ అదాలత్‌కు కూర్చున్నాం. మా బావలు సగం తోట అడిగారు, అమ్మ ససేమిరా అంది, అక్కడితో సరి. మాకు కుదరలేదు కానీ దారి తగవులకు, అప్పు తగవులకు అది మంచి చోటు. రాజీ కుదిరితే అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అప్పీలు లేదన్న సంగతి మాత్రం సంతకం పెట్టే ముందే గుర్తుంచుకోవాలి.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. తీర్పు చెప్పిన రోజే మేడమ్ గారు ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టారు. గెలిచాక నకలెందుకని అడిగితే, ఖర్చుల విషయంలో మనమే అప్పీలుకు వెళ్లాలనుకుంటే జిల్లా కోర్టుకు గడువు 30 రోజులేనని, నకలు తయారవడానికి పట్టిన కాలం ఆ గడువులోంచి మినహాయిస్తారని, దరఖాస్తు ఆలస్యమైతే ఆ ఆలస్యం మన ఖాతాలోనే పడుతుందని చెప్పారు. దాంతో పాటు, మా మాట వినకుండా తీర్పును ఆపే స్టే ఉత్తర్వులు ఇవ్వకుండా జిల్లా కోర్టులో కేవియట్ (ముందస్తు వినతి) కూడా వేశారు. అది 90 రోజులు పనిచేస్తుంది. అనుకున్నట్టే అవతలివాళ్లు ఏ.ఎస్. (అప్పీలు) వేశారు. నోటీసు మాకు అందింది, స్టే మీద మా వాదన విన్నాకే ఉత్తర్వు వచ్చింది. అప్పీలుకు కూడా వకాలత్ మేడమ్ గారికే ఇచ్చాం.