నాటకమా, కమ్యూనికేషనా, జానపదమా: మా మేనకోడలి సీటు గొడవ

మా మేనకోడలు కాకినాడలో డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్తానంటోంది. ఏ కోర్సే అంటే, "అది నువ్వే తేల్చు మావయ్యా" అని నా నెత్తిన పెట్టింది. సామర్లకోట పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాట మీద దాని మనసు. ఫోన్ నిండా ఆ వీడియోలే.

అక్కడ సరోజినీ నాయుడు పేరున్న స్కూలు 1988లో పెట్టారు. స్కూలంటే మన బడి కాదు, విభాగాల గొడుగు: నృత్యం, నాటకం, చిత్రకళ, కమ్యూనికేషన్, తర్వాత వచ్చి చేరిన సంగీతం. జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం మాత్రం ఈ గొడుగు కింద లేదు. అది సామాజిక శాస్త్రాల స్కూల్లో ఉంది. జానపద కళ కాబట్టి కళల స్కూల్లోనే ఉంటుందనుకుని నేనూ మొదట అక్కడే వెతికాను.

నాటకం, కమ్యూనికేషన్, జానపదం, ఈ మూడింటికీ తేడా తెలియాలంటే ఒక్క తోలుబొమ్మ చాలు. మేకతోలును వెలుతురు దూరేంత పల్చగా గీకి, రంగులద్ది, మోచేతి దగ్గర బెజ్జం పెట్టి దారంతో ముడేస్తారు. ఆటగాడు ఆ బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తూనే, యుద్ధ ఘట్టం వచ్చేసరికి కాళ్ళ కింది చెక్కలను ధనధనా తొక్కుతాడు. నాటక విద్యార్థి చూపు ఆ కాళ్ళ మీద, ఆ ఒంటి కదలిక మీద ఉంటుంది. కమ్యూనికేషన్ విద్యార్థికి తల నొప్పి వేరు: చెక్కల చప్పుడు పాటను మింగేయకుండా మైకు ఎక్కడ పెట్టాలి? జానపద కేంద్రంలో కూర్చున్నవాళ్ళు అసలు ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావు, పక్క ఊళ్ళో ఇదే ఘట్టం ఎందుకు ఆడరు అని అడుగుతారు.

నాటకం మా మేనకోడలికి పనికిరాదు. వినాయక చవితి పందిట్లో మైకు చేతికిస్తే పారిపోయిన పిల్ల. జానపద కేంద్రం పీహెచ్‌డీకి బంగారమే గానీ, అడగాల్సిన ప్రశ్న చేతిలో ఉన్నవాళ్ళకి. నా ఓటు కమ్యూనికేషన్‌కే. క్యాంపస్‌లో బోల్ హైదరాబాద్ అని 90.4 ఎఫ్ఎం కమ్యూనిటీ రేడియో ఉంది, మైకు పట్టడం అక్కడే అలవాటవుతుంది. కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం కూడా 2011 నుంచి ఆ విభాగంలోనే ఉంది. మనవాళ్ళ ఆటను మనవాళ్ళ గొంతుతోనే వినిపించాలంటే ఎలా అన్నది వాళ్ళకి పాఠం, పరిశోధన రెండూనూ.

బావది వేరే పాట. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, జర్నలిజం ఉంది, నాటకం ఉంది, విశాఖ మూడు గంటల దారి, ఆడపిల్లని అంత దూరం ఎందుకు పంపడం అని. దూరమే లెక్కయితే ఆయనదే రైటు. కానీ రాత్రి సామర్లకోటలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి, యూనివర్సిటీ పక్కనే. తెలుగు సాహిత్యమే చదవాలనుకుంటే రాజమండ్రి దగ్గర బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం వారి సాహిత్య పీఠం ఉండనే ఉంది గానీ, దీనికి పుస్తకం ముందు కూర్చునే ఓపిక లేదు.

మొన్న ఆ వీడియోల్లో ఒకటి పెట్టించుకుని చూశాను. చెక్కల మోతే తప్ప పాట వినబడలేదు. పాడుతున్నాయన పేరేంటే అన్నాను.

"అడగలేదు మావయ్యా" అంది.